పన్నెండు వందల అంగలు

మా అమ్మకీ మా పెద్దమ్మకీ ఇరవై ఆరేళ్ళుగా మధ్యలో ఒకటే గోడ. గోడకి ఇటు మేము, అటు వాళ్ళు. ఇన్నేళ్ళలో ఆ తోటికోడళ్ళిద్దరూ ఒక్క విషయంలో ఔనంటే ఔననుకోవడం నేనైతే చూడలేదు. కిటికీ తెరవాలా మూయాలా అన్న దగ్గర మొదలయ్యే మాట, ఎవరి పెళ్ళికి ఎవరు ముందు ఏడ్చారన్న దాకా పోయేది. మాట పెరుగుతోందని తెలియగానే నాన్నా పెదనాన్నా చదరంగం బల్ల చంకన పెట్టుకుని వరండాలోకి జారుకునేవాళ్ళు.

పెద్దమ్మ రైల్వేలో సిగ్నల్ కేబిన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. పట్టాల పక్కన మేడ మీద గదిలాంటి చోట నిలబడి, వరసగా ఉన్న ఇనుప లీవర్లు లాగి, ఏ బండి ఏ లైన్లోకి పోవాలో చూసే ఉద్యోగం. లాగి లాగి ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే లావెక్కింది. దర్జీ ఆమె రెండు చేతులకీ రెండు కొలతలు రాసుకునేవాడు. మాట కూడా లీవరు లాగినట్టే ఉంటుంది. ఒక్కసారే అంటుంది, గట్టిగా అంటుంది, వెనక్కి తీసుకోదు.

అమ్మది గ్రంథాలయంలో పిల్లల గది. చిరిగిన పుస్తకాలకి అట్టలు వేయడం, సాయంత్రం నాలుగున్నరకి చాప పరిచి కథ చెప్పడం ఆమె పని. కథలో ఏనుగు రెండో అంతస్తు ఎక్కాలంటే మెట్లు ఆగుతాయా అని అమ్మ ఎన్నడూ ఆలోచించలేదు. "ఉన్నదున్నట్టు చెప్పడానికి పేపరుంది. నేనెందుకు?" అనేది.

పెద్దమ్మ రిటైరైన ఏడే ఆ కేబిన్ మూసేశారు. లీవర్లన్నీ పీకేసి, పాత రిజిస్టర్లు బస్తాలకెత్తి తుక్కులో పడేస్తుంటే, పెద్దమ్మ పైఅధికారిని అడిగి మూడు బస్తాలు ఆటోలో వేసుకొచ్చింది. వాటిని ముందు గదిలో పెట్టుకుని, ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చి, రోజూ పొద్దున్నే ఒకటి చదివేది. ఆ కళ్ళద్దాలు నేనే చేయించాను. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను.

ఒకరోజు పెరుగు తోడుకోసం వెళ్ళిన అమ్మ గంటసేపటికి తోడు లేకుండా వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"మీ పెద్దమ్మ దగ్గర ఒక వాక్యం ఉందే," అంది.

నూట ముప్ఫై ఏళ్ళ కిందట, ఆ లైను కొత్తగా వేసినప్పటి రిజిస్టరు అది. ఇనుము లెక్కలు, కూలీల హాజరు, వాన పడిన రోజులు. వాటి మధ్యలో ఒక్క వరస: "నీళ్ళు మోసే పిల్ల, వయసు పన్నెండు. మొదటి బండి ఇంజను మీద ఎక్కి ప్రయాణించుటకు అనుమతి." అంతే. ఎందుకిచ్చారో లేదు. ఆ పిల్ల పేరు కూడా లేదు.

"ఎందుకిచ్చారక్కా?" అని అమ్మ అడిగిందట.

"రాయలేదుగా, నాకేం తెలుసు?"

"రాయలేదు కాబట్టి నేను రాస్తా."

అలా మొదలైంది. పిల్లల కోసం నవల. పేరు 'నీళ్ళపిల్ల'. అమ్మ పొద్దున్నే పెద్దమ్మ వాళ్ళ భోజనాల బల్ల మీద కూర్చుని రాసేది, పెద్దమ్మ ఎదురుగా కూర్చుని తప్పులు పట్టేది, సెలవు రోజుల్లో నేను టైపు చేసేదాన్ని. "డ్రైవరు లేచి, మొహం కడుక్కుని, ఇంజను నడిపాడు" అని అమ్మ రాస్తే, "బాయిలరు వేడెక్కడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మొహం ఎన్నిసార్లు కడుక్కున్నాడేమిటి?" అని పెద్దమ్మ. "పట్టాలు వెండిలా మెరిశాయి" అంటే, "ఇంకా బండే తిరగని పట్టాలు తుప్పురంగులో ఉంటాయి" అని. అమ్మ కొట్టేసేది, మూతి ముడుచుకునేది, మళ్ళీ రాసేది. నాకు టైపు చేస్తూ చేస్తూ తెలిసిందేమిటంటే, కొట్టేసి రాసిన ప్రతిచోటా కథ ముందుకంటే బాగుంది. ఆ మాట నేను పైకి అనలేదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరి పక్షం అయిపోవడం ఎందుకని.

చివరి అధ్యాయం దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

కథలో మొదటి బండి వచ్చే రోజు. వానకి వంతెన పక్క మట్టికట్ట జారిపోయి, పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. నీళ్ళపిల్ల చూసింది. వంతెనకి రెండు వందల అంగల ఇవతల నిలబడి ఎర్రగుడ్డ ఊపింది. డ్రైవరు చూశాడు. బండి కీచుమంటూ వచ్చి ఆ పిల్లకి మూరెడు దూరంలో ఆగింది.

పెద్దమ్మ చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"ఆగదు."

"ఆగుతుందక్కా."

"నిండా ఇనుము మోస్తున్న బండి. పల్లం. వాన. ఆ రోజుల్లో బండి మొత్తానికి ఒకేసారి పట్టే బ్రేకుల్లేవు. డ్రైవరు కూత వెయ్యాలి, అది విని చివరి పెట్టెలో గార్డు చేత్తో చక్రం తిప్పాలి. పన్నెండు వందల అంగలు కావాలి ఆగడానికి. నీ రెండు వందల అంగలకి ఆ పిల్లా పోతుంది, బండీ పోతుంది. పైగా ఎర్రగుడ్డ ఎక్కడిది దానికి?"

"పన్నెండు వందల అంగల దూరంలో నిలబడితే వంతెన ఎక్కడ కనిపిస్తుంది? భయం ఎక్కడుంటుంది? పిల్లలకి డ్రైవరు మొహం కనిపించాలక్కా!"

మూడు నెలలు నడిచింది ఈ గొడవ. చివరికి పెద్దమ్మ లేచి నిలబడింది. "సరే. నీ పేరే వేసుకో. నా పేరు వెయ్యకు." అమ్మకి ముక్కు మీద కోపం. అలాగే వేసుకుంది.

అచ్చు వేసినాయన్ని మేమంతా నోటుబుక్కులాయన అంటాం. బడి పిల్లల నోటుబుక్కులు కుట్టి అమ్మే వ్యాపారం ఆయనది. జీవితంలో ఒక్కసారైనా లోపల అక్షరాలున్న పుస్తకం వెయ్యాలని ఆయన కోరిక. వెయ్యి కాపీలు వేశాడు. అట్ట మీద ఇంజను, పక్కన కుండతో పిల్ల. చాలా ముచ్చటగా ఉంది.

"అమ్మా, ఇంట్లో కూర్చుంటే పుస్తకం కదలదు," అన్నాడు. "మీరు తిరగాలి, చెప్పాలి, చదివి వినిపించాలి."

అమ్మ కాలికి బలపం కట్టుకుంది. పుస్తకాల ప్రదర్శనలో ఫోను కవర్లవాడికీ తాళంచెవి గొలుసులవాడికీ మధ్య మాకు బల్ల ఇచ్చారు. మూడు గంటలు కూర్చుంటే రెండు పుస్తకాలు పోయాయి. ఒకటి మా షాపు ఓనరు నా మొహం చూసి కొన్నాడు. రెండోది ఒక పెద్దమనిషి రైళ్ళ టైమ్‌టేబులనుకుని తీసుకున్నాడు, పావుగంటలో తిరిగి తెచ్చాడు. ఒక పుస్తకాల షాపువాళ్ళు 'నీళ్ళపిల్ల'ని బొమ్మ రైళ్ళ పక్కన పెట్టారు. వచ్చినవాళ్ళు బొమ్మలు కొన్నారు. ఇంకో చోట చదివి వినిపించే కార్యక్రమం పెడితే పదకొండు కుర్చీల్లో నలుగురు పిల్లలు. అమ్మ కళ్ళు చెమర్చేలా చదివాక, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంటే, ఒక పిల్ల చెయ్యెత్తి బాత్రూమ్ ఎటని అడిగింది.

 నోటుబుక్కులాయన తన గోడౌన్లో మా అట్టపెట్టెల మీద నోటుబుక్కుల పెట్టెలు పేర్చడం మొదలుపెట్టాడు. అది చూసి అమ్మ గుండె జారిపోయింది.

అప్పుడు నేనే అన్నాను. "పెద్దమ్మ దగ్గర కేబిన్ లాంతరు, జెండాలు, పాత రూల్సు పుస్తకం ఉన్నాయిగా. పిల్లలకి చూపిస్తే?"

అమ్మ చాలాసేపు నీళ్ళు నమిలి, గోడ అవతలికి వెళ్ళింది. పెద్దమ్మ వెంటనే ఒప్పుకోవడం చూసి ఆశ్చర్యపోయాం. తర్వాత తెలిసింది, బల్ల మీద ఆ రాతకోతలు ఆగిపోయాక ఆమెకి పొద్దు గడవడం లేదట. అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"నువ్వు వస్తువులు చూపించు. మాట్లాడకు."

"నాకేం పని మాట్లాడ్డానికి?" అంది పెద్దమ్మ.

మేం వెళ్ళింది ఒక మామూలు బడి. ఇసుక ఆటస్థలం, ఒక మూల నీళ్ళ కుళాయిలు, సున్నం పెచ్చులూడిన గోడ. హెడ్‌టీచరు నలభై నిమిషాలిచ్చింది. ఏడో తరగతి. అమ్మ నేరుగా చివరి అధ్యాయం ఎత్తుకుంది. గొంతు పెంచి, తగ్గించి, ఊపిరి బిగబట్టి చదివింది. బండి మూరెడు దూరంలో ఆగింది. కొందరు చప్పట్లు కొట్టారు. ఎక్కువమంది ఫ్యాను వైపు చూస్తున్నారు.

వెనక బెంచీలో ఒక పొడుగమ్మాయి చెయ్యెత్తింది. మోకాళ్ళు బెంచీ కింద పట్టక పక్కకి పెట్టుకుని కూర్చుంది.

"మేడమ్, నిజంగా ఆగుతుందా?"

"ఆగిందిగా," అంది అమ్మ నవ్వుతూ.

పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ దగ్గింది. కావాలని దగ్గిందని నేను ఒట్టేసి చెప్పలేను గానీ, ఆ దగ్గు విని పొడుగమ్మాయి ఆమె వైపు తిరిగింది.

"అమ్మమ్మగారూ, మీరు రైల్వేలో చేశారన్నారుగా. మీరు చెప్పండి."

పెద్దమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్ళతోనే వద్దంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో బండి వస్తోందా అని అడిగినవాళ్ళకి ఒక్కసారి కూడా తప్పు చెప్పని మనిషి పెద్దమ్మ. ఆమె వల్ల కాలేదు.

"ఆగదు," అంది.

క్లాసంతా ఒక్కసారి లేచి కూర్చుంది.

"అక్కా!"

"అబద్ధం చెప్పమంటావా పిల్లలకి?"

"అది అబద్ధం కాదు, కథ!"

"కథైతే మాత్రం పల్లంలో బండికి కాళ్ళడ్డం పెడతావా?"

పిల్లలు కడుపుబ్బ నవ్వారు. పెద్దమ్మ కూత, గార్డు చక్రం, పన్నెండు వందల అంగల సంగతి చెప్పాక ఎవరూ ఫ్యాను వైపు చూడలేదు. పన్నెండు వందల అంగలంటే ఎంత అని ఒకడు, గార్డుకి కూత వినపడకపోతే ఎలా అని ఒకతె, అందరూ ఒకేసారి అడుగుతున్నారు. పెద్దమ్మ లేచి, కొంగు నడుముకి దోపి, "రండి, చూపిస్తా," అంది. హెడ్‌టీచరు అడ్డం చెప్పబోయి, పిల్లల మొహాలు చూసి ఊరుకుంది.

ఆటస్థలం ఈ చివర్నించి ఆ చివరికి నూట ముప్ఫై అంగలే వచ్చింది. దాంతో గేటు దాటాం. లెక్కల మాస్టారు ముందు, పిల్లలు వరసగా పక్కన, అందరూ గొంతెత్తి లెక్కపెడుతూ. సైకిలు షాపు దగ్గర నాలుగు వందలు. పోస్టాఫీసు మెట్ల దగ్గర ఏడు వందల ముప్ఫై. ఇస్త్రీ బండి ఆయన పెట్టె పక్కన పెట్టి మా వెనకే వచ్చాడు. పన్నెండు వందలు పూర్తయ్యేసరికి మలుపు దగ్గర మందుల షాపు ముందున్నాం. వెనక్కి తిరిగి చూస్తే బడి గేటు దగ్గర నిలబెట్టిన పిల్లాడు చీమంత ఉన్నాడు.

"ఇంత దూరమా?" అన్నాడొకడు మెల్లిగా.

అమ్మ ఆ దూరాన్నే చూస్తోంది.

తిరిగొచ్చాక పొడుగమ్మాయి మళ్ళీ లెక్క తీసింది. అవతలి స్టేషన్లో బండి కూత వేసి బయల్దేరితే వంతెన దగ్గరికి ఎన్ని నిమిషాలు? పదకొండు, అంది పెద్దమ్మ. అందులో చివరి పన్నెండు వందల అంగలకి ఒకటిన్నర నిమిషం. అంటే ఆ పిల్ల కూత విని, తొమ్మిదిన్నర నిమిషాల్లోపు బండికి ఎదురు పన్నెండు వందల అంగలు పరిగెత్తాలి. "రోడ్డు మీద నేను అయిదు నిమిషాల్లో పరిగెడతాను," అంది పొడుగమ్మాయి.

"రోడ్డు కాదమ్మా. పట్టాల మధ్య స్లీపర్ల మీద, అడ్డంగా పరిచిన ఆ చెక్క దిమ్మెల మీద. పక్కనంతా కొత్త మట్టి, వానకి మోకాలి దాకా దిగిపోతుంది."

చెప్పి, పెద్దమ్మ వరండా నాపరాళ్ళ మీద సుద్దముక్కతో స్లీపర్లు గీసింది. ఈ కొస నుంచి ఆ కొసకి అరవై. గీతల మీదే కాలు పడాలి, పక్కన పడితే ఔట్. పిల్లలు ఒక్కొక్కరూ పరిగెత్తారు. పదో గీత దాటినవాళ్ళు తక్కువ. గీత గీతకీ అడుగేస్తే అది పరుగు కాదు, నడక. రెండేసి దాటితే అది దూకుడు, నాలుగు దూకులకి ఆయాసం. మనిషి పరుగు సరిగ్గా ఆ రెంటికీ మధ్య ఉంటుంది. పొడుగమ్మాయి కూడా ఇరవయ్యో గీత దగ్గర తూలింది.

"నేను పరిగెడతా," అంది అమ్మ.

యాభై రెండేళ్ళ మనిషి. చెప్పులు విడిచి, కళ్ళద్దాలు నా చేతికిచ్చి పరిగెత్తింది. పదిహేనో గీత దగ్గర కాలు తడబడి మోకాళ్ళ మీద పడింది. నేను పరిగెత్తుకెళ్ళేలోపే లేచి కూర్చుని, రొప్పుతూ ఆ గీతల వైపు చూసింది.

"ఇది నేను రాయలేదే," అంది.

 అమ్మ పిల్లల వైపు తిరిగింది. "నేను తప్పు రాశాను. ఆ పిల్లని ఊరికే నిలబెట్టాను. ఇంత దూరం పరిగెత్తాలని నాకు తెలియదు. కానీ ఇలా అయితే ఎవరూ చేరలేరు కదా! ఈ స్లీపర్ల మీద తొమ్మిదిన్నర నిమిషాల్లో ఎవరు వెళ్ళగలరు?"

 అది పెద్దమ్మ లెక్కకీ అందనిది.

పొడుగమ్మాయి సుద్ద గీతల మీదే నిలబడి ఉంది. "మేడమ్," అంది, "ఆ పిల్ల రోజూ నీళ్ళకుండతో నడిచింది స్లీపర్ల మీదే కదా? నెలలు నెలలు. మనం పడిపోతాం. తను పడదేమో."

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ నెమ్మదిగా తలూపింది. "పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు పరిగెత్తడం నేను చూశాను," అంది. "కిందికి చూడరు. కాళ్ళకి తెలుసు."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్యలో నేను.

"అంతమందిలో అనాలా? ఇంట్లో చెప్పుంటే?" అంది అమ్మ.

"ఇంట్లో మూడు నెలలు చెప్పాను."

రెండు స్టాపులు గడిచాయి.

"మోకాలు నొప్పిగా ఉందా?" అంది పెద్దమ్మ.

"ఉంది."

"పసుపు... కాదు, నా దగ్గర మందుంది. దిగాక రాస్తా."

మర్నాడు పొద్దున అమ్మ మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. పదకొండు రోజుల్లో కొత్త అధ్యాయం అయింది. ఈసారి డ్రైవరు మొహం లేదు. ఎర్రగుడ్డ లేదు. ఒక పిల్ల, వాన, కాళ్ళ కింద ఒకదాని తర్వాత ఒకటి చెక్క స్లీపర్లు. నూట పది పేజీల పాటు ఎవరూ పట్టించుకోకుండా మోసిన నీళ్ళు, ఇప్పుడు ఆ కాళ్ళలో పనికొస్తున్నాయి. చివర్లో రెండు చేతులూ తలపైకెత్తి నిలబడుతుంది. పాత రూల్సు పుస్తకంలో ఉంది, చేతిలో ఏమీ లేనివాళ్ళు అలా నిలబడితే ఏ బండైనా ఆపాల్సిందే. బండి ఆమెని దాటి వెళ్ళిపోతుంది. ఆగిందో లేదో ఆమెకి కనిపించదు, చక్రాల చప్పుడు వింటూ వెనక్కి తిరిగి పరిగెత్తాలి. నేను టైపు చేయడం ఆపి ముందు చివరిదాకా చదివేశాను.

ఆ కాగితాలు అమ్మ ముందుగా నోటుబుక్కులాయనకి ఇవ్వలేదు. ఆ బడికి తీసుకెళ్ళింది. చదువుతుంటే ఎవరో బెంచీ మీద వేళ్ళతో అడుగులు కొట్టడం మొదలుపెట్టారు, క్లాసంతా అందుకుంది. బండి దాటిపోయే చోట ఆ చప్పుడు ఆగిపోయింది. ఆగిందని అమ్మ చదవగానే నలభై రెండు మందీ లేచి అరిచిన అరుపుకి పక్క క్లాసు టీచరు పరిగెత్తుకొచ్చింది.

నోటుబుక్కులాయన మాత్రం తల పట్టుకున్నాడు. "షాపులకి పంపినవి పోను గోడౌన్లో ఏడువందల కాపీలున్నాయమ్మా, పాత ముగింపుతో! వాటినేం చెయ్యను?"

"ఉంచండి," అంది పెద్దమ్మ. "కొత్తది చిన్న పుస్తకంగా కుట్టి లోపల పెట్టండి. మీకు కుట్టడం వచ్చుగా. పాతదాంట్లో ఆగిందని రాసినా బండి ఆగదు, కొత్తదాంట్లో ఆగుతుంది. ఎందుకో పిల్లల్నే తేల్చుకోమనండి."

ఆయన పెద్దమ్మని ఎగాదిగా చూశాడు. మర్నాటికి పోస్టరు తయారైంది. దాని మీద ఒక్కటే మాట: 'ఆగుతుందా?'

ఆ మాట పట్టుకుని బళ్ళు పిలవడం మొదలుపెట్టాయి. ముందు రెండు, తర్వాత వారానికి అయిదు. అమ్మ పాత ముగింపు చదువుతుంది, పెద్దమ్మ 'ఆగదు' అంటుంది, ఇద్దరూ అందుకుంటారు. మొదట్లో నిజంగానే తిట్టుకున్నారు. పోనుపోను ఎక్కడ ఆపాలో, ఎక్కడ పిల్లలకి వదలాలో ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా నటన కాదది. ఒక బడిలో ఆవిరి గురించి మొదలైన గొడవ ఆటోలో ఇంటిదాకా సాగింది. ఊళ్ళో వీధులన్నిట్లో సుద్దతో స్లీపర్లు. మా షాపు ముందు కూడా. రిటైరైన డ్రైవర్లూ గార్డులూ కార్యక్రమాలకి వచ్చి, వెయ్యి అంగలు చాలని కొందరు, పదిహేను వందలు కావాలని కొందరు, పిల్లల ఎదుటే వాదించుకునేవాళ్ళు. ఏడువందల కాపీలూ అయిపోయాయి. రెండో ముద్రణకి అట్ట తయారవుతుంటే అమ్మ నోటుబుక్కులాయన ఆఫీసుకెళ్ళి, "రెండు పేర్లు. ఆమెది ముందు," అంది. పెద్దమ్మ ఏమంటుందో అని భయపడ్డాం. అట్ట చేతికొచ్చాక ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అక్షరాలు కొంచెం పెద్దవి వెయ్యాల్సింది," అంది.

ఆ వేసవిలో రైలు మ్యూజియం పెద్దాయన కబురు పెట్టాడు. వాళ్ళ దగ్గర బొగ్గుతో నడిచే ఇంజనుంది, పాత గూడ్సు పెట్టెలున్నాయి, ఊరి బయట పల్లంగా దిగే లైనుంది. "మీరంతా నోటితో వాదిస్తున్నారు. ఒకసారి ఆపి చూద్దామా?" అన్నాడు.

పన్నెండు బళ్ళ నుంచి పిల్లలొచ్చారు. కంచె పొడుగునా నూరేసి అంగలకి ఒక గుర్తు, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో బడి. పన్నెండు వందల గుర్తు దగ్గర పట్టాలకి అడ్డంగా మా ఖాళీ అట్టపెట్టెలు మనిషెత్తు పేర్చారు. అది జారిపోయిన కట్ట అన్నమాట. ఆ ఆలోచన అమ్మది. కంచె ఇవతల ఆ పెట్టెల పక్కనే అమ్మ నిలబడింది. దుమ్ము పడుతుంది, దూరంగా రమ్మని నేను పిలిస్తే రాలేదు. "మీ పెద్దమ్మ లెక్క తప్పదు," అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి.

అవతల, సున్నా గుర్తు దగ్గర చెక్క మెట్టు మీద పెద్దమ్మ, పొడుగమ్మాయి. ఇంజను కూసింది. పొగ కనిపించింది, ఆ తర్వాత నల్లటి ముక్కు, వెనక పన్నెండు పెట్టెలు. ఇద్దరూ చేతులు పైకెత్తారు. డ్రైవరు మూడు కూతలు వేశాడు. చివరి పెట్టెలో రిటైరైన గార్డొకాయన, డెబ్భై దాటినవాడు, చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

బండి ఆగే సూచనే లేదు. మూడు వందల గుర్తు దగ్గరున్న బడి అరిచింది, నాలుగు వందలవాళ్ళు అందుకున్నారు. ఆరు వందల దగ్గర చక్రాల కింద నిప్పురవ్వలు కనిపించాయి. కాలిన ఇనుము వాసన. తొమ్మిది వందలు. వెయ్యి. ఇంజను నా ఎదుటికొచ్చేస్తోంది, అట్టపెట్టెలు ఆ అదురుకి వణుకుతున్నాయి. అమ్మ కదల్లేదు. పదకొండు వందలు దాటింది. ఇంకా వస్తోంది. వచ్చింది, వచ్చింది, పెద్ద నిట్టూర్పు విడిచి, ఆగింది.

ఒక్క అట్టపెట్టె కూడా కిందపడలేదు.

ఆ కేకలు నేను చెప్పలేను. పిల్లలు కంచె ఇవతల నుంచే పదకొండు వందల గుర్తు నుంచి ఇంజను ముక్కు దాకా అంగలు లెక్కపెట్టారు. ముప్ఫై ఎనిమిది.

మైకు అమ్మ చేతిలో ఉంది. "అరవై రెండు అంగలు తప్పావక్కా!" అని అరిచింది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

అవతల నుంచి పెద్దమ్మకి మైకు అక్కర్లేదు. ఆమె అరిచిన మాట గుర్తు గుర్తు దగ్గరా పిల్లలు అందుకుని మా దాకా చేర్చారు. "గార్డుగారు బలంగా ఉన్నారు! ఆనాటివాడు పస్తులున్నాడు!"

గార్డుగారు చివరి పెట్టె గుమ్మంలో నిలబడి టోపీ తీసి ఊపాడు. పొడుగమ్మాయి పన్నెండు వందల అంగలూ పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మని చుట్టేసింది.

తర్వాత ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇద్దరినీ కూర్చోబెట్టి నోటుబుక్కులాయన పుస్తకాల పెట్టెలు విప్పాడు. వరస టికెట్ల కిటికీ దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయింది. అమ్మ చకచకా సంతకాలు పెడుతోంది. పెద్దమ్మ దగ్గర మాత్రం వరస కదలడం లేదు. ఏమిటా అని వంగి చూశాను. కేబిన్ రిజిస్టర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు రాసినట్టే, ప్రతి సంతకం కిందా గోడ గడియారం చూసి గంటా నిమిషం వేస్తోంది.

"వదిలెయ్ పెద్దమ్మా, టైమెందుకు?" అన్నాను.

"టైము లేని సంతకం చెల్లదు," అంది తలెత్తకుండా.

అది పిల్లలకి తెగ నచ్చింది. నాది పన్నెండూ పద్నాలుగు అని ఒకడు, నాది పన్నెండూ పదిహేను అని వాడి వెనకది, పుస్తకాలు తెరిచి చూపించుకుంటున్నారు. దాంతో అమ్మ దగ్గరున్న వరస కూడా ఇటు జరిగింది. చేసేది లేక అమ్మ తన పెన్ను మూసి, గడియారం కనిపించేలా తిరిగి కూర్చుని, పెద్దమ్మకి నిమిషాలు చెప్పడం మొదలుపెట్టింది. చివరి పుస్తకంలో మూడూ నలభై ఒకటి.